చేపల చెరువులో హెలికాప్టర్: వశిష్ఠ ఒడ్డున ఒక కేస్ స్టడీ

గోదావరి డెల్టాలో హెలికాప్టర్ కూలితే నీళ్లలో పడుతుంది, లేదంటే నీళ్లు దాటితే తప్ప చేరుకోలేని చోట పడుతుంది. ఏటిపాయలు, కాలువలు, బోదెలనే పిల్లకాలువలు, చేపల చెరువులు, రొయ్యల చెరువులు పోగా మిగిలిన నేలలో కొబ్బరితోటలూ ఇళ్లూ కరెంటు తీగలే ఉంటాయి. విమాన ప్రమాదాల గురించి పోలీసులకు చెప్పే పాఠాలు ఎక్కువగా రన్‌వే చుట్టుపక్కల, మైదానంలో, కొండల్లో పడిన విమానాల మీద నడుస్తాయి. మా నేలకు తగిన పాఠం మేమే తయారు చేసుకోవాలి. అందుకోసం కోనసీమ వైపు గోదావరి పాయ వశిష్ఠ ఒడ్డున ఒక మాక్ డ్రిల్ పెట్టాం. సర్కిల్ ఇన్‌స్పెక్టర్‌గా స్థలంలో దాన్ని నడిపింది నేను. దాన్నే కేసుగా తీసుకుని మొదటి ఫోను నుంచి చివరి సంతకం దాకా రాస్తున్నాను. ఊరి పేరు, పాల్గొన్నవాళ్ల పేర్లు రాయడం లేదు.

ఇది ఊహాగానం కాదని ఈ ప్రాంతంలో ఎవరికీ చెప్పక్కర్లేదు. 2002 మార్చి 3న అప్పటి లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి భీమవరం నుంచి హైదరాబాద్ బయల్దేరిన బెల్ 206 హెలికాప్టర్ కైకలూరు దగ్గర చేపల చెరువులో కూలిపోయింది. ఆయన, ఆయన భద్రతాధికారి, పైలట్ ముగ్గురూ చనిపోయారు. యానాం, ఎదుర్లంకల మధ్య గోదావరి ఇంకో పాయ గౌతమి మీదున్న వంతెనకు ఇప్పుడు ఆయన పేరే ఉంది. ఆ రోజు అక్కడికి మొదట చేరిందీ చుట్టుపక్కల ఊళ్లవాళ్లే.

గాల్లో రాకపోకలు అప్పటికంటే పెరిగాయి. రాజమహేంద్రవరం మధురపూడి విమానాశ్రయం నుంచి కృష్ణా-గోదావరి బేసిన్‌లో సముద్రంలో చమురు, గ్యాస్ తీసే రిగ్గులకు సిబ్బందిని తీసుకెళ్లే హెలికాప్టర్లు తీరం దాటి వెళ్తుంటాయి. ఎన్నికలొస్తే కాలేజీ గ్రౌండ్లన్నీ తాత్కాలిక హెలిప్యాడ్లవుతాయి. వరదలొస్తే లంకల మీద సహాయ హెలికాప్టర్లు తిరుగుతాయి. వీటిలో ఏది దారి తప్పినా కబురు ముందు వచ్చేది మండల స్టేషన్‌కే.

కేసు ఏమిటి

రిగ్గు నుంచి తిరిగొస్తున్న హెలికాప్టర్. ఇద్దరు పైలట్లు, ఐదుగురు ప్రయాణికులు. మంచు పట్టిన ఉదయం, తీరం దాటాక కిందికి దిగి కొబ్బరిచెట్టుకు తగిలింది. తోక తెగి తోటలో పడింది, మిగతా భాగం చెరువులో పడి తలకిందులైంది. తలకిందులవడం మేం కావాలని పెట్టిన కష్టం కాదు. హెలికాప్టర్‌కు ఇంజిన్లూ గేర్‌బాక్సూ పైకప్పు మీద ఉంటాయి. నీళ్లలో పడ్డాక ఆ బరువు కిందికి తిరగడం మామూలే. రిగ్గులకు వెళ్లేవాళ్లకు తలకిందులైన క్యాబిన్ నుంచి నీటి అడుగున బయటపడే శిక్షణ ఇచ్చేది కూడా అందుకే.

పంట పట్టుబడి అయిపోయి ఇంకా నీళ్లు తీయని చెరువు ఒకటి రైతు ఇచ్చారు. వెల్డింగు షాపులో ఇనప గొట్టాలతో క్యాబిన్ అంత చట్రం చేయించి, పాత కారు సీట్లు బిగించి, బెల్టులు పెట్టి, తిరగేసి ముంచాం. ఇసుకా ఊకా నింపిన గోనె బొమ్మలను సీట్లకు కట్టాం. ఇద్దరు కుర్రాళ్లు గాయాలతో గట్టెక్కిన ప్రయాణికులుగా నటించారు. పోలీసు, రెవెన్యూ, అగ్నిమాపక, 108, విద్యుత్, మత్స్య శాఖల వాళ్లు, పడవలవాళ్లు పాల్గొన్నారు. ఏ చెరువో, ఎన్నింటికో ఊళ్లో సిబ్బందికి ముందుగా చెప్పలేదు.

మొదటి ఫోను

చెరువు మకాంలో ఉండే కాపలాదారు 112కు ఫోన్ చేశాడు. "పెద్ద చప్పుడయ్యిందండి, చెరువులో ఏదో పడిందండి, కిరసనాయిలు వాసన కొడతందండి" అన్నాడు. ఈ మూడో మాట ముఖ్యం. హెలికాప్టర్లలో పోసే జెట్ ఏ-1 ఇంధనం కిరసనాయిలు జాతిదే. ట్రాన్స్‌ఫార్మర్ పేలితే ఆ వాసన రాదు. కాల్ తీసుకునేవాళ్లకు ఇది తెలిస్తే మొదటి నిమిషంలోనే అనుమానం బలపడుతుంది.

ఎక్కడ అంటే "రెండో బోదె దాటాక రాజుగారి చెరువులండి" అన్నాడు. రాజుగారి చెరువులు జిల్లాలో ఎన్ని ఉన్నాయో లెక్కలేదు. ఫోన్‌లో లొకేషన్ పంపమంటే ఆ పాత ఫోన్‌లో ఆ వీల్లేదు. అప్పుడు కంట్రోల్ రూమ్‌లో ఉన్న హెడ్ కానిస్టేబుల్ అడిగిన ప్రశ్న ఈ డ్రిల్ మొత్తంలో నాకు బాగా నచ్చింది: "మీ ట్రాన్స్‌ఫార్మర్ మీద నంబరు రాసుంటుంది, చదవండి." ఆక్వా చెరువులకు నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లు తిప్పడానికి కరెంటు ఉండి తీరాలి. ప్రతి ట్రాన్స్‌ఫార్మర్‌కూ నంబరు ఉంటుంది, అది ఎక్కడుందో లైన్‌మన్‌కు కంఠతా వచ్చు. సర్వే నంబరు కన్నా, గూగుల్ మ్యాప్ కన్నా మాకు అదే సరైన చిరునామా అయింది.

ఆ వెంటనే చేయాల్సింది రాజమహేంద్రవరం ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌ను అడగడం: మీ లెక్కలో ఏదైనా హెలికాప్టర్ జవాబివ్వడం లేదా అని. ఊరి నుంచి వచ్చిన కబురూ, టవర్ దగ్గరున్న సమాచారమూ కలిసిన క్షణమే అది విమాన ప్రమాదంగా నమోదవుతుంది. అక్కణ్నుంచి చెన్నై సహాయ సమన్వయ కేంద్రానికి, ఢిల్లీలోని విమాన ప్రమాద దర్యాప్తు సంస్థ ఏఏఐబీకి, పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏకి కబురు పోతుంది. సముద్రంలో పడిందన్న అనుమానముంటే కోస్ట్‌గార్డ్ 1554కు కూడా చెప్పాలి.

అత్యవసర సంకేతమిచ్చే బీకన్ హెలికాప్టర్‌లో ఉంటుంది కదా, శాటిలైట్ పట్టుకోదా అని మా ఎస్సై ఒకరు అడిగారు. ఆ బీకన్ 406 మెగాహెర్ట్జ్ మీద పంపే సంకేతం బెంగళూరులోని ఇస్రో కేంద్రానికి చేరే ఏర్పాటు ఉంది. అయితే నీట మునిగిన బీకన్ సంకేతం పైకి రాదు. నేల మీద పడ్డా వస్తుందన్న హామీ లేదు. 2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న బెల్ 430 నల్లమలలో కూలినప్పుడు బీకన్ సంకేతం అందలేదు. వైమానిక దళం, ఇస్రో, కేంద్ర బలగాలు అన్నీ వెతికినా శిథిలాలు మర్నాడు ఉదయం గానీ కనపడలేదు. అందుకే మేం కాపలాదారు ఫోన్‌నే మొదటి బీకన్‌గా లెక్కేసుకున్నాం. ఆ ఫోన్ కట్ చేయకుండా మాట్లాడుతూనే ఉండమని కంట్రోల్ రూమ్‌కు చెప్పాం.

గట్టు, వంతెన, రేవు

మ్యాప్‌లో చూస్తే ఫైరింజన్ రావడానికి దారి ఉంది. ఆ దారి కాలువగట్టు మీద పోతుంది, మధ్యలో రెండు పాత తూములున్నాయి. నీళ్లు నింపుకున్న ఫైరింజన్ బరువు వాటి మీదికి ఎక్కించడానికి అగ్నిమాపక అధికారి ఒప్పుకోలేదు. సరైన నిర్ణయం. గట్టు కుంగి బండి అడ్డం పడితే వెనకొచ్చే అంబులెన్సు కూడా ఆగిపోతుంది. బండిని రోడ్డు మీదే ఉంచి, మోసుకెళ్లే పంపు, మంటలార్పే నురుగు డబ్బాలు ట్రాక్టర్ ట్రక్కులో తెప్పించాం. నీళ్లకు కరువు లేదు, కాలువ పక్కనే ఉంది. ఎక్కువ నురుగు కావాలంటే నిల్వలుండేది చమురు, గ్యాస్ సంస్థల దగ్గరే. అందువల్ల వాళ్ల ఫైర్ కంట్రోల్ నంబరు పోలీసు దగ్గర ఉండాలి.

ఆసుపత్రి విషయంలో ఇంకో చిక్కు. ఏటికి అవతల నరసాపురం కళ్లకు కనపడుతూ ఉంటుంది. రోడ్డున పోవాలంటే చించినాడ వంతెన దాకా ఎగువకు పోయి, పాలకొల్లు మీదుగా కిందికి దిగాలి. సఖినేటిపల్లి రేవులో ఏరు దాటించే పంటు ఎక్కితే నేరుగా దాటొచ్చు. అది అటు నిండాక కదిలి, ఇటు నిండాక తిరిగొచ్చే పంటు. ప్రమాద సమయంలో దాన్ని ఒడ్డునే ఆపి ఉంచడానికి రేవును వేలంలో పాడుకున్న పాటదారుకు ఎవరు చెప్పాలన్నది డ్రిల్ రోజు వరకూ ఎక్కడా రాసి లేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఇటు ఒడ్డు కోనసీమ, అటు ఒడ్డు పశ్చిమ గోదావరి. సరిహద్దు ఏటి మధ్యలో ఉంది. ఇద్దరు ఎస్పీల మధ్య ముందే ఒప్పందం కుదిరాక గాయపడ్డ ఇద్దరు కుర్రాళ్లలో ఒకరిని పంటు మీద నరసాపురానికి, ఒకరిని రోడ్డున అమలాపురానికి పంపాం. పంటు మీద పోయినవాడు ముందు చేరాడు.

గట్టు మీద జనం సంగతి వేరే చెప్పాలి. మా ఊళ్లలో చప్పుడైతే చాలు, పావుగంటలో వంద బైకులు గట్టెక్కుతాయి. వాళ్లను తరిమేస్తే మొదటి సహాయాన్నే తరిమేసినట్టు. 2020 ఆగస్టులో కోళికోడ్‌లో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం రన్‌వే దాటి పడినప్పుడు వానలో, కోవిడ్ భయం మధ్య గాయపడ్డవాళ్లను కార్లలో ఆసుపత్రులకు చేర్చింది ఆ చుట్టుపక్కల జనమే. మేం చేసింది ఇది: ఈతా పడవా తెలిసినవాళ్లు లోపలికి, బైకులు రోడ్డు దగ్గరే, చూడ్డానికి వచ్చినవాళ్లు అవతలి గట్టుకు. లోపలికి వెళ్లిన ప్రతి ఒక్కరి పేరూ గట్టు మొదట్లో నిలబడ్డ మహిళా కానిస్టేబుల్ రాసుకున్నారు. తర్వాత ఎవరేం చూశారో, ఏం ముట్టుకున్నారో అడగడానికి ఆ జాబితాయే ఆధారం.

కరెంటు

చెరువులో ఏరియేటర్లు తిరుగుతున్నాయి. వాటి వైర్లు నీళ్ల మీద తేలుతూ ఉంటాయి. రెక్క గానీ తోక ముక్క గానీ ఒక వైరును తెంపినా, నీళ్లలో దిగినవాడు చనిపోతాడు. అందుకని ఎవరూ నీళ్లలో కాలు పెట్టకముందే కరెంటు తీయించాలి. లైన్‌మన్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజులు తీశాడు. తీసిన కాసేపటికే మకాం వెనకనుంచి డీజిల్ జనరేటర్ దానంతటదే స్టార్టయింది. చాలా చెరువుల్లో అలాంటి ఏర్పాటు ఉంటుంది, కరెంటు పోతే రొయ్య చనిపోకుండా. కాపలాదారు పరుగెత్తి ఆపేశాడు కాబట్టి సరిపోయింది. ఇకనుంచి మా లెక్కలో కరెంటు తీయడమంటే ఫ్యూజులూ జనరేటరూ రెండూ. ఆ రెండూ ఆగాయని లైన్‌మన్ నోటితో చెప్పాకే పడవ కదలాలి.

ఇక్కడ రైతు పక్షం కూడా చెప్పాలి. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఐదారు చెరువులుంటాయి. కౌంటుకొచ్చిన, అంటే అమ్మే సైజుకు ఎదిగిన వనామీ రొయ్యకు ఏరియేటర్ ఆగితే, ముఖ్యంగా తెల్లవారుజామున, నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి గంటల్లోనే పంట పోతుంది. అప్పు తెచ్చి వేసిన పంట అది. పక్క రైతులు అడ్డం తిరిగితే కోపగించుకునే హక్కు మనకు లేదు. కూలిన చెరువు లైనును మాత్రం విడదీసి, మిగతా చెరువులకు తిరిగి కరెంటు ఇచ్చే వీలు ఎక్కడెక్కడ ఉందో విద్యుత్ సంస్థ ఏపీఈపీడీసీఎల్ సెక్షన్ ఆఫీసుతో కూర్చుని గుర్తించాం. లేని చోట్ల నష్టం పంచనామా తహసీల్దార్ అదే రోజు రాయాలని, అది హెలికాప్టర్ నడిపిన సంస్థకూ దాని బీమా సంస్థకూ చేరాలని రాసుకున్నాం. మత్స్య శాఖ అధికారి ఇంకో మాట చెప్పారు: చెరువు తూము వెంటనే మూసేయాలి, లేకపోతే నీళ్ల మీద తేలే ఇంధనం బోదెలోకి, బోదె నుంచి పక్క చెరువుల్లోకి పోతుందని. ఇది పోలీసు పాఠాల్లో నేనెక్కడా చదవలేదు.

నీళ్లలో

మేత వేసే పడవలు రెండు తాడుతో కలిపి కట్టి, వల లాగే ముఠాను ఎక్కించాం. రాష్ట్ర విపత్తు దళం ఎస్డీఆర్ఎఫ్, విజయవాడ వైపు కొండపావులూరులో ఉండే కేంద్ర విపత్తు దళం ఎన్డీఆర్ఎఫ్ 10వ బెటాలియన్ వచ్చే వరకూ నీళ్లలో పనిచేసేది వీళ్లే. 2019లో కచ్చులూరు దగ్గర మునిగిన బోటును నెల దాటాక బయటికి లాగింది కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం. ఆ నైపుణ్యం ఈ నేలలోనే ఉంది. దానికి హెలికాప్టర్ గురించి నాలుగు విషయాలు చేర్చాలి, అంతే.

మొదటిది, తలకిందులైన క్యాబిన్‌లో మనిషి బెల్టుకు వేలాడుతూ ఉంటాడు. బెల్టు విప్పితే కిందికి, అంటే పైకప్పు వైపు పడతాడు. కాబట్టి ఒకరు పట్టుకున్నాకే ఒకరు విప్పాలి. ఈ బెల్టుల్లో కొన్నింటికి మధ్యలో గుండ్రటి బకిల్ ఉంటుంది, నొక్కితే రాదు, తిప్పితే ఊడుతుంది. రెండోది, లోపలున్న మనిషి లైఫ్ జాకెట్ ఉబ్బి ఉంటే అది అతన్ని నేల భాగానికి అదిమి పెడుతుంది, గాలి తీసేస్తే తప్ప బయటికి రాడు. మూడోది, కొన్ని హెలికాప్టర్ల కింద నీళ్ల మీద తేలడానికి గాలి సంచులు, వాటికి అధిక పీడనంతో నింపిన గ్యాస్ సిలిండర్లు ఉంటాయి. అవి విచ్చుకోకుండా ఉండిపోతే ఏ క్షణంలోనైనా పేలినట్టు ఉబ్బుతాయి. వాటి మీద కాలు వేయొద్దు, తాడు కట్టొద్దు. నాలుగోది, బయటికి తీసిన మనిషికి ఊపిరి లేకపోతే ముందు నోట్లోకి గాలి ఊదాలి, తర్వాత ఛాతీ నొక్కాలి. నీళ్లు కక్కించాలని పొట్ట నొక్కడం, తలకిందులు చేసి తిప్పడం మా ఊళ్లలో ఇంకా ఉంది. అది బతికేవాణ్ని చంపుతుంది. 108 సిబ్బంది ఇది పడవవాళ్లందరితో బొమ్మల మీద చేయించి చూపించారు.

ముఠా మేస్త్రీ వయసు మళ్లిన మనిషి. నేను పుస్తకం పట్టుకున్న కానిస్టేబుల్‌ను గట్టు మీద నిలబెడుతుంటే చూసి, "సార్, ముందు మనిషిని లాగాలండి. మీ రాతకోతలు తర్వాత చూసుకోవచ్చండి" అన్నాడు.

"మీరు లాగండి బాబాయ్, దేనికీ ఆగక్కర్లేదు. ఏ సీట్లోంచి తీశారో ఒక్క కేకెయ్యండి చాలు, మావాడు రాసుకుంటాడు."

"ఆయ్, అలాగైతే సరేనండి."

పట్టుబడి రోజు కాటా దగ్గర లెక్క పాడినట్టు పాడాడు. అయితే మొదటి రెండు కేకల్లోనే గందరగోళం తేలింది. ముందు కుడి సీటు అంటాడు, అది ఏ కుడి? క్యాబిన్ తిరగబడింది, పడవ తోక వైపునుంచి వచ్చింది, మేస్త్రీకి కుడి పైలట్‌కు ఎడమ. అక్కడికక్కడే భాష మార్చాం. కుడీ ఎడమా వద్దు, గట్టు వైపు, ఏటి వైపు అనాలి. వరసలు ముక్కు నుంచి ఒకటి, రెండు, మూడు. "రెండో వరస, ఏటి వైపు" అంటే ఎటునుంచి చూసినా ఒక్కటే సీటు. ఈ మార్పు తర్వాత పుస్తకంలో ఎక్కడా కొట్టివేత లేదు.

కదిలించడం, రాయడం

ఈ కేసు నుంచి నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. ఏఏఐబీ దర్యాప్తు బృందం ఢిల్లీ నుంచి రావాలి. వాళ్లు వచ్చేవరకూ శిథిలాలకు కాపలా పోలీసుదే. శిథిలాలను ఎవరూ కదిలించకూడదన్న మాట మా వాళ్లందరికీ తెలుసు. దాని రెండో సగం తెలిసినవాళ్లు తక్కువ. 2017 నాటి విమాన ప్రమాద దర్యాప్తు నియమాల ప్రకారం మనుషులను, జంతువులను బయటికి తీయడానికి, మంటల నుంచి కాపాడడానికి, ప్రజలకు ప్రమాదం తప్పించడానికి కదిలించవచ్చు. విమానం నీళ్లలో కూలితే దాన్ని సురక్షిత స్థలానికి చేర్చడానికి అవసరమైన మేరకు జరపవచ్చు. డెల్టాకు ఈ చివరి వాక్యం ప్రాణం. ఏటిలో పడితే పోటు తగ్గి, నీళ్లు సముద్రంలోకి లాగే పాటు మొదలయ్యేసరికి ముక్కలు అంతర్వేది అన్నాచెల్లెళ్ల గట్టు వైపు కొట్టుకుపోతాయి. నియమం భయంతో చేతులు కట్టుకుని కూర్చుంటే సాక్ష్యం సముద్రం పాలవుతుంది.

అందువల్ల ఎస్సైకి కావాల్సింది భయం కాదు, ఒక మనిషి. రక్షణ పనిలో వేలు పెట్టకుండా రాయడానికి మాత్రమే ఉండే మనిషి. ఏది, ఎక్కడినుంచి, ఎవరు, ఎందుకు, ఎన్ని గంటలకు కదిలించారు. కాక్‌పిట్‌లో బ్యాటరీ స్విచ్ ఆపాల్సి వస్తే ఆపే ముందు ఫోటో, తర్వాత ఫోటో. చనిపోయినవాళ్ల బెల్టు బకిల్ విప్పకుండా పట్టీ కోసి తీయాలి, బకిల్ పెట్టుకున్నారా లేదా అన్నది దర్యాప్తుకు పనికొస్తుంది. బతికున్నవాళ్ల విషయంలో ఏది వేగమైతే అదే. డేటా రికార్డర్ నారింజ రంగు పెట్టె. చిన్న హెలికాప్టర్లలో అది ఉండకపోవచ్చు. నీళ్లలో దొరికితే తుడిచి ఎండబెట్టకూడదు. మంచినీళ్లు నింపిన డ్రమ్ములో ముంచే ఉంచి దర్యాప్తు బృందానికి అప్పగించాలి, గాలి తగిలితే తుప్పు మొదలవుతుంది. మా క్లూస్ టీమ్ కుర్రాడు ఒకరు ఐస్ ప్లాంటు నుంచి మూతున్న డ్రమ్ము ముందే తెచ్చి పెట్టాడు.

తోటలో పడ్డ తోక భాగం దగ్గర కాపలా ఉన్న హోంగార్డులకు మాస్కులూ గ్లవ్స్ ఇచ్చాం. కాలిన కార్బన్ ఫైబర్ పొడి ఊపిరితిత్తులకు చేటు, తెగిన పోగులు సూదుల్లా చేతుల్లో దిగుతాయి. అదే తోట కింద గ్యాస్ పైపులైను పోతోందా అన్నది ఇంకో ప్రశ్న. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి బ్లోఅవుట్, 2014 జూన్ 27న నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలుడు చూసిన జిల్లా ఇది. పైపులైను రాళ్లు పాతిన గట్టు దగ్గర శిథిలాలు పడితే, ఆ సంస్థ కంట్రోల్ రూమ్ సరేననే వరకూ బండి స్టార్ట్ చేయనివ్వం.

సైనిక విమానమైతే పద్ధతి వేరు. పసుపూ నలుపూ చారల పిడి కనపడితే అది ఎజెక్షన్ సీటుది కావచ్చు, పేలుడు మందు ఉంటుంది. దూరంగా కాపలా వలయం వేసి ఆ దళానికి కబురంపాలి, దర్యాప్తు వాళ్లదే.

సెల్‌ఫోన్ వీడియోల గురించి ఒక్క మాట. వాట్సాప్‌లో తిరిగిన కాపీ కాదు, తీసినవాడి ఫోన్‌లోని అసలు ఫైలు కావాలి. అందులో సమయం ఉంటుంది. భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ అక్కడే తీసుకున్నాం. ఏఏఐబీ దర్యాప్తు కారణం కోసం, తప్పెవరిదో తేల్చడం కోసం కాదు. పోలీసు కేసు వేరుగా నడుస్తుంది. సాక్షులను రెండు దర్యాప్తులూ విడివిడిగా అడుగుతాయని వాళ్లకు ముందే చెప్పడం మంచిది. చెప్పకపోతే రెండోసారి పిలిచినప్పుడు మమ్మల్ని నమ్మడం లేదనుకుని ముడుచుకుపోతారు.

మృతులు, వాళ్ల వాళ్లు

ఒక్కో బొమ్మకూ తీసినచోటే నంబరు కట్టాం. శవ పంచనామా, పోస్టుమార్టం, డీఎన్ఏ నమూనా, అప్పగింత అన్నింటిలోనూ అదే నంబరు. ఆసుపత్రికి వెళ్లాక కొత్త వరస నంబరు వేయకూడదు. రిగ్గు సిబ్బంది ఒకే రకం దుస్తుల్లో ఉంటారు, కాబట్టి బట్టలు చూసి గుర్తుపట్టామనడం నమ్మదగింది కాదు. నమ్మదగినవి మూడు: వేలిముద్రలు, పళ్లు, డీఎన్ఏ.

ఇది ఎంత తీవ్రమైన విషయమో మంగళూరు నేర్పింది. 2010 మే 22న అక్కడ ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం కూలి 158 మంది చనిపోయారు. చాలా దేహాలను బంధువులు చూసి గుర్తుపట్టి తీసుకెళ్లారు. మిగిలిన 22 దేహాలకు హైదరాబాద్‌లోని డీఎన్ఏ పరిశోధన కేంద్రం సీడీఎఫ్‌డీ డీఎన్ఏ పరీక్షలు చేస్తే 10 మాత్రమే కుటుంబాలతో కలిశాయి. 12 ఎవరితోనూ కలవలేదు. అంటే అంతకుముందే కొన్ని దేహాలు వేరే ఇళ్లకు చేరిపోయాయి. దుఃఖంలో ఉన్న మనిషి కళ్లను తప్పుపట్టలేం, ఆ భారం వాళ్ల కళ్ల మీద పెట్టకూడదు. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో విమానంలో 241 మంది, నేల మీద 19 మంది చనిపోయినప్పుడు డీఎన్ఏ కలిసే వరకూ ఆగమని కుటుంబాలను అడగాల్సి వచ్చింది. ఆగడం నరకం. తప్పు దేహానికి తలకొరివి పెట్టడం ఇంకా పెద్ద నరకం.

మార్చురీలో చోటు చాలకపోతే ఏం చేయాలన్న దానికి డెల్టాలో జవాబుంది. రొయ్యల ఎగుమతి సంస్థల దగ్గరుండే చల్లటి రీఫర్ కంటైనర్లు. అయితే వాటిని రొయ్యలకు పెట్టే మైనస్ చలిలో పెట్టకూడదు, 2 నుంచి 4 డిగ్రీల మధ్య ఉంచాలి. ఐస్ దేహాల మీద నేరుగా వేయకూడదు.

బంధువుల కోసం ఊరి హైస్కూలులో ఒక గది ఇచ్చాం. ఒక్కో కుటుంబానికి ఒక్క పోలీసు, మారకుండా. ఆపరేటర్ ఇచ్చిన ప్రయాణికుల జాబితా పేరూ బరువుతో సహా కాగితం మీద సంతకంతో తీసుకున్నాం. ధ్రువపడని పేరు ఏదీ పాత్రికేయులకు చెప్పలేదు. మా మహిళా ఎస్సై ఒక విషయం గుర్తుచేశారు. కోనసీమ నుంచి కువైట్‌కూ మస్కట్‌కూ పనికి పోయే ఆడవాళ్లు వేలల్లో ఉన్నారు. విమానం ఎక్కడ కూలినా ఇక్కడి ఇంటి తలుపు తట్టాల్సింది ఈ స్టేషనే. చనిపోయిన మనిషి పళ్లు, మచ్చలు, ఆపరేషన్ గుర్తుల గురించి తల్లినీ పిల్లలనూ అడిగి రాసుకోవడం, డీఎన్ఏకి నమూనా ఇప్పించడం కూడా ఈ శిక్షణలో భాగమే. ఈ వివరాలు రాసుకునే ఫారం తెలుగులో లేదు. ఆవిడే కూర్చుని తెలుగులో రాశారు, ఇప్పుడు సర్కిల్‌లోని స్టేషన్లన్నీ అదే వాడుతున్నాయి.

ఇప్పటికి చేసినవి, మిగిలినవి

డ్రిల్ అయ్యాక స్టేషన్‌లో ఒక ఫైలు తెరిచాం. అందులో పడవల యజమానుల, లైన్‌మన్ల, రేవు పాటదారుల ఫోన్ నంబర్లు, మధురపూడి టవర్ నంబరు, బరువు బండి ఎక్కకూడని తూముల పటం, ట్రాన్స్‌ఫార్మర్ నంబర్ల జాబితా, నెలవారీ ఆటుపోట్ల పట్టిక ఉన్నాయి. పడవవాళ్లకు ఏడాదికోసారి బకిల్ విప్పడం, ఊపిరి ఊదడం నేర్పాలని మత్స్యకార సంఘమే అడిగింది.

తేలనివి రెండున్నాయి. గౌతమి వైపు ప్రమాదం జరిగితే అవతలి ఒడ్డు యానాం, అంటే పుదుచ్చేరి పోలీసుల పరిధి. దేహం ఏ ఒడ్డుకు చేరితే ఆ ఒడ్డు పోలీసులే పంచనామా చేయాలా, ఒకే ప్రమాదంలో ఏడుగురికి రెండు చోట్ల ఎఫ్ఐఆర్‌లు నడవాలా అన్నది పై అధికారుల స్థాయిలో రాతపూర్వకంగా తేలాలి. లేఖ పంపాం. రెండోది, మేం చేసిందంతా పగటి వెలుగులో, కదలని నీళ్లలో. తర్వాతి డ్రిల్ రాత్రిపూట, ఏటిలో, పాటు సమయంలో చేయాలని మేస్త్రీ పట్టుబడుతున్నాడు. అమావాస్య దగ్గర పాటు జోరుగా ఉండే తేదీ తనే చూసి చెబుతానన్నాడు. మెరైన్ పోలీసుల పడవ ఆ రాత్రికి కేటాయించమని అడిగాం.